తిరువయ్యారి ఇంట వెలసిన నౌకాచరిత్రము

తంజావూరు నగరమునకు ఉత్తరముగ కొలది మైళ్ల దూరమున, కావేరీ తీరమందు, తిరువయ్యారను పుణ్యగ్రామము కలదు. కావేరియు, దాని పాయలును కలిసి ఐదు నదులు పాఱు తావగుటచే దీనికి పంచనదమనియు పేరు గలిగినది. పంచనదీశ్వరుడును, ధర్మసంవర్ధనీదేవియు అచ్చట వెలసియున్నారు. ఆ యూరి తిరుమంజన వీధిలో పూర్వమొక యిల్లు ఉండెడిది. అది రాజమందిరము కాదు, జమీందారుల మేడ కాదు. అగ్రహారపు వీధిలో పది యిండ్ల నడుమ నొక యిల్లు. అందును అన్నదమ్ముల పంపకములలో చీలిన యిల్లు. అయినను దక్షిణ దేశపు సంగీతమునకంతటికి ఆ యిల్లే పుట్టినిల్లు వంటిదయ్యెను. తెలుగు భాషలోని రెండు గొప్ప గేయనాటకములు, ప్రహ్లాదభక్తివిజయమును నౌకాచరిత్రమును, ఆ యింటి యజమానుడైన త్యాగరాజస్వామి రచించినవే.

తెలుగుదేశమున కెంతో దూరమున, తమిళుల నడుమ, ఈ తెలుగు నాటకము లెట్లు పుట్టినవను సందేహము పాఠకులకు కలుగుట సహజము. దీనికి సమాధానము మన సీమ చరిత్రలోనే యున్నది. 1565లో రక్కసి తంగడి యుద్ధమున విజయనగరము కూలిన పిమ్మట రాజధాని మన పెనుగొండకు తరలినది. అంతకు ముందే విజయనగర రాయల నాయకులు తంజావూరిని పాలింప మొదలిడిరి. వారి వెంట తెలుగు కవులు, గాయకులు, నాట్యాచార్యులు, వేదపండితులు కుటుంబములతో కావేరీ తీరమునకు పోయి స్థిరపడిరి. రఘునాథ నాయకుడు, విజయరాఘవ నాయకుడు తెలుగున కావ్యములను, యక్షగానములను రచించిరి. నాయకుల యనంతరము రాజ్యమునకు వచ్చిన మహారాష్ట్ర ప్రభువులు సైతము తెలుగును విడువలేదు. 1684 మొదలు 1712 వరకు ఏలిన శాహజీ మహారాజు స్వయముగ తెలుగు యక్షగానములను వ్రాసెను. తంజావూరికి సమీపమునందలి మేలట్టూరున భాగవతులు ఏటేట నరసింహ జయంతికి ప్రహ్లాద చరిత్రమును తెలుగుననే ఆడుచుండిరి. ఆ సంప్రదాయము నేటికిని నిలిచియున్నది. ఇట్టి గాలి వీచిన నేలపై త్యాగరాజస్వామి జన్మించెను.

ఆయన యింటిపేరు కాకర్లవారు. కంబము ప్రాంతమునందలి కాకర్ల గ్రామము వారి పూర్వుల నివాసమని ప్రతీతి. వారు ములకినాటి తెలుగు బ్రాహ్మణులు. తండ్రి రామబ్రహ్మము, తల్లి సీతమ్మ. 1767వ సంవత్సరము మే నెల 4వ తేదీన తిరువారూరున స్వామి జననము. ఆ క్షేత్రమునందలి దైవము త్యాగరాజు. ఆ పేరే బిడ్డకు పెట్టిరి. రామబ్రహ్మము రామాయణమును వినిపించుటలో నేర్పరి. 1763 మొదలు 1787 వరకు తంజావూరిని పాలించిన తుళజా మహారాజు ఆయనను ఆదరించి, తిరువయ్యారున ఇంటిని, కొంత భూమిని ఇచ్చెనని చెప్పుదురు. బాలుడైన త్యాగయ్య తిరువారూరు విడిచి ఆ యింటికి వచ్చుట యిట్లు సంభవించెను.

తల్లి సీతమ్మ పురందరదాసుల పదములను, భద్రాచల రామదాసు కీర్తనలను పాడుచుండెడిది. ఆమె పాట వినుచు పెరిగిన బిడ్డకు చదువుకన్న ముందే పాట అలవడెను. తండ్రి పూజ చేయుచుండగా పక్కన కూర్చుండి పువ్వు లందించుట, రామకథ వినుట ఆతని బాల్యక్రీడలు. పిదప ఆస్థాన విద్వాంసుడగు శొంఠి వేంకటరమణయ్య యొద్ద శాస్త్రీయముగ సంగీత మభ్యసించెను. ఆ గురువును తెలుగువాడే. శిష్యుని సూక్ష్మబుద్ధికి గురువు మురిసి, తాను బోధింపవలసినది శీఘ్రముగనే ముగిసినదని గ్రహించెనందురు.

ఆ దినములు కావేరీ సీమకును సుఖమైనవి కావు. 1781లో హైదరాలీ సేనలు తంజావూరు రాజ్యమును కొల్లగొట్టినవి. పంటలు నాశమయ్యెను, పల్లెలు పాడుపడెను. అన్నపూర్ణ యని పేరొందిన ఆ నేలయందును ఆకలి తాండవించెను. కఱవన నేమో మెట్టసీమలోని మనకు వేఱుగ చెప్పనక్కఱలేదు. ఆ కష్టకాలమున త్యాగయ్య పదునాలుగేండ్ల బాలుడు.

తండ్రి గతించిన పిమ్మట ఇంట పంపకములు వచ్చెను. అన్నయైన జపేశుడు లోకవ్యవహారము తెలిసినవాడు. తమ్మునికి గల విద్య రాజసభలో ధనము కురిపింపగలదని ఆయన నమ్మకము. నమ్మకము తప్పు కాదు. ఆనాడు తంజావూరి ప్రభువుల యొద్ద విద్వాంసులకు మన్నన మిక్కిలిగ నుండెడిది. కాని తమ్ముడు రాజును పాడుటకు ఒప్పుకొనలేదు. ఇంటిలో ఒక భాగమును, తండ్రి పూజించిన రామ విగ్రహములును త్యాగయ్య వంతునకు వచ్చినవి. లోకము దృష్టిలో అది లోపించిన వంతు. ఆయనకు మాత్రము అది నిండు వంతే.

1798లో సింహాసనమెక్కిన శరభోజి మహారాజు విద్యాప్రియుడు. తంజావూరి సరస్వతీ మహలు గ్రంథాలయమును ఎన్నో తాళపత్రములతో, దేశవిదేశ గ్రంథములతో నింపిన ప్రభువు ఈయనయే. ఇట్టి రాజు త్యాగయ్య కీర్తి విని, కానుకలతో ఆస్థానమునకు రమ్మని పిలుపు పంపెననియు, స్వామి వాని నంటక త్రిప్పి పంపెననియు పరంపరగా వచ్చు కథ. నిధి సుఖమా, రాముని సన్నిధి సుఖమా యను విచారముతో కల్యాణి రాగమున ఆయన పాడిన కీర్తన నేడు పల్లెలలోని భజన గోష్ఠులకును తెలియును. ఇది రాజుపై కోపము కాదు. నరుని స్తుతించి బ్రతుకరాదను నియమము. నియమము ఆయనది, దాని కష్టము మాత్రము ఇంటిల్లిపాదిది. అన్న కోపించి, విగ్రహములున్నంత వరకు తమ్ముడు మాఱడని తలచి, రాత్రివేళ వానిని కావేరిలో పడవైచెననియు, త్యాగయ్య ఎన్నో దినములు దుఃఖించి, వెదకి, తుదకు ఇసుకలో కనుగొని తెచ్చుకొనెననియు చెప్పుదురు. ఆ దినముల ఆవేదన ఎన్నియో కీర్తనలుగ రూపొందెనని పెద్దల తలపు.

జీవనమునకు ఆయన ఎన్నుకొన్నది ఉంఛవృత్తి. తంబుర చేపట్టి, హరినామము పాడుచు వీధివెంట నడచుట, గృహిణులు పెట్టిన గుప్పెడు బియ్యముతో ఇల్లు చేరుట. ఆ బియ్యముతోడనే భార్య వండవలెను, శిష్యులు భుజింపవలెను, అతిథికిని పెట్టవలెను. మొదటి భార్య పార్వతి చిన్నతనముననే గతింపగా ఆమె చెల్లెలు కమలాంబను వివాహమాడెను. వారికి సీతాలక్ష్మి యను కుమార్తె కలిగెను. స్వామి చరిత్రమును చెప్పువారు తఱచుగ మఱచుపోవునది కమలాంబ సహనము. రేపటి గింజ ఇంటలేని సంసారమున, ఎప్పుడు ఎందరు శిష్యులు వత్తురో తెలియని వంటయింటిని నడపినది ఆమెయే. ఆ వంటయిల్లు నిలువనిచో ఆ పాఠశాలయు నిలిచెడిది కాదు.

నిజమునకు ఆ యిల్లు పాఠశాలయే. వాలాజపేట వేంకటరమణ భాగవతారు, మానాంబుచావడి వేంకటసుబ్బయ్య, తిల్లస్థానము రామయ్యంగారు, ఉమయాళ్పురము కృష్ణ భాగవతారు, సుందర భాగవతారు, తంజావూరు రామారావు మొదలగు శిష్యులు అచ్చట గురుకులవాసము చేసిరి. వేంకటరమణ భాగవతారు సౌరాష్ట్రుడు, అనగా పట్టునేత వృత్తిగా గల జాతివాడు. ధర్మవరము మగ్గముల సవ్వడి తెలిసిన మన ప్రాంతమువారికి ఈ మాట ప్రియముగ నుండును. స్వామి కుమార్తె వివాహమునకు ఈ శిష్యుడు ఒక రామ పటమును చేయించి, కాలినడకన మోసికొని వచ్చి గురువుకు సమర్పించెననియు, దానిని చూచి స్వామి, సాక్షాత్తు రాముడే తన్ను బ్రోవ నడచి వచ్చినట్లు పరవశుడై మోహన రాగమున పాడెననియు ప్రతీతి.

ఇక ఆ యింట పుట్టిన నాటకముల సంగతి. గేయనాటకమన పాత్రలు పాటతోడను పద్యముతోడను మాటలాడుకొను నాటకము. పాశ్చాత్యులు దీనినే ఒపేరా యందురు. మన పల్లెలకు ఇది క్రొత్త కాదు. వీధిభాగవతులు ఆడిన ఆటలు, నిమ్మలకుంటవారి తోలుబొమ్మలాట చూచిన వారికి దీని స్వరూపము సులువుగ బోధపడును. సూత్రధారుడు వచ్చి కథ నెత్తుకొనుట, పాత్ర తెరవెనుకనుండి పాడుచు ప్రవేశించుట, కథను ద్విపదలో నడపుట, భావము పండినచోట పాట నిలుపుట, ఈ పద్ధతులన్నియు యక్షగానము నుండి వచ్చినవే. త్యాగయ్య వీనికి తన రాగజ్ఞానమును జోడించెను. కందము, సీసము, ద్విపద, చూర్ణిక, వచనము, కీర్తన అన్నియు నందు తగినచోట్ల వచ్చును.

ప్రహ్లాదభక్తివిజయము ఐదంకముల నాటకము. అందు 45 కీర్తనలు కలవు. ప్రహ్లాదుని కథ తెలియని తెలుగువాడు లేడు. కాని స్వామి అందఱెఱిగిన తీరున దానిని చెప్పలేదు. కంబము పగులుట, నరసింహుడు వెలువడుట, హిరణ్యకశిపుని చీల్చుట యను ఘట్టములను విడిచిపెట్టెను. హిరణ్యకశిపుడు రంగముపైకే రాడు. నాగపాశములతో కట్టి కడలిలో పడద్రోయబడిన బాలుని యొద్ద కథ ప్రారంభమగును. సముద్రుడు ఆ పిల్లని ఆదరించును, కట్లు విడిపించును. నారదుడు వచ్చి ధైర్యము చెప్పును. తుదకు హరి ప్రత్యక్షమగును. శత్రువును చంపుట యిచ్చట విజయము కాదు, దైవము కనబడువఱకు ఎదురుచూచుటయే విజయము. వాకిలి కాచు ద్వారపాలకుడు కల్యాణి రాగమున పాడుచు ప్రవేశించు ఘట్టము విద్వాంసులకు నేటికిని ప్రీతికరము. తండ్రి కోపమునకు గురియై, నీటిలో త్రోయబడి, అయినను పాట మానని బాలుని కథను ఆయన ఎన్నుకొనుటలో ఆశ్చర్యము లేదు. తాను పూజించు విగ్రహములు కావేరిలో మునిగిన ఇంటివాడు ఆయన.

నౌకాచరిత్రము దీనికంటె చిన్నది. 21 కీర్తనలు గల ఈ నాటకము కథ భాగవతమున లేదు. గోపికలు యమునలో పడవ విహారమునకు బయలుదేరుదురు. బాలుడైన కృష్ణుడు వారితో నుండును. పాట, నవ్వు, ఒకరిపై నొకరు గంధము పూయుట, ఓడ నడపుచు వేడుక చేయుట సాగును. ఓడ నడపు పాట సారంగ రాగమున, గంధము పూయు పాట పున్నాగవరాళి రాగమున నున్నవి. పున్నాగవరాళి మన పాములవాని బూరకు దగ్గఱి రాగము. పండితుడు, పామరుడు సమానముగ తల యూపు రాగము. స్వామి ఈ నాటకమున ఇట్టి తేలిక రాగములను, జనుల నాలుకపై ఆడు నడకలనే ఎక్కువగ వాడెను.

అంతలో గోపికలకు గర్వము పుట్టును. కృష్ణుడు తమ అందమునకు లోబడినాడని తలంతురు. వెంటనే మబ్బు క్రమ్మును, గాలి లేచును, అలలు పొంగును, పడవకు చిల్లు పడును. ఆ రంధ్రమును మీ వస్త్రములతో మూయుడని కృష్ణుడు చెప్పును. గోపికలు మొదట సిగ్గుపడుదురు, పిదప విలపింతురు. తమ నిమిత్తము గాక, తమతో నున్న ఆ పసివాడు మునిగిపోవునేమో యని వారి దుఃఖము మఱలును. ఆ క్షణముననే వారి గర్వము కరగినది. చేలము లిచ్చివైతురు. గాలి అణగును, నౌక ఒడ్డు చేరును, మంగళము పాడుదురు. పై కథ వినోదము, లోపలి కథ శరణాగతి. దాచుకొన్నది ఏదియు మిగులనప్పుడే చిల్లు పూడునని దాని సారము. ఉంఛవృత్తిచే బ్రతికిన మనుజుడు వ్రాసిన మాట గనుక ఇది వట్టి వేదాంతముగ తోపదు.

ఏటికి సుమారు 22 అంగుళముల వాన కురియు మన సీమలో పడవ నెక్కిన వారు అరుదు. తిరువయ్యారున నదియే దినచర్య. వరదనాటి కావేరి సుడులు, రేవు దాటు జనుల భయము, ఒడ్డు చేరిన పిమ్మటి ఊరట ఆ యూరివారు నిత్యము చూచినవి. స్వామి కృష్ణుని యమునను వర్ణించెను. ఆయన కన్నులు చూచినది కావేరి.

ఆయన కాలముననే ఐరోపా ఖండమున బీతోవెన్ అను మహాసంగీతకర్త జీవించెను. ఆయన 1770లో జన్మించి 1827లో గతించెను. ఆయన రచించిన ఒకే యొక ఒపేరా ఫిడేలియో 1805లో వియన్నా నగరమున ప్రదర్శింపబడెను. నాటకశాల, వాద్యగాండ్ర బృందము, ప్రభువుల ఆదరము లేనిచో అట్టి రచన వెలుగు చూడజాలదు. తిరువయ్యారి యింట ఇవి యేవియు లేవు. తంబుర, తాళము, శిష్యుల కంఠములు, వ్రాయుటకు తాటియాకులు, ఇంతియే సామగ్రి. ఒకరు గొప్ప, మఱొకరు తక్కువ యని చెప్పుటకు గాదు ఈ పోలిక. ఏమియు లేనిచోట నుండియు ఒపేరా పుట్టగలదని తెలుపుటకే.

స్వామి ఎల్లప్పుడు ఇల్లు కదలనివాడని తలపరాదు. కాంచీపురము, తిరుపతి, మద్రాసు, కోవూరు, తిరువొత్తియూరు, శ్రీరంగము, లాల్గుడి మొదలగు తావులకు యాత్ర చేసి, ఆయా దైవములపై కీర్తనలు రచించెను. ఎచ్చటికి పోయినను తిరిగి తిరుమంజన వీధికే చేరెను. ఘనరాగ పంచరత్నములును, మఱి కొన్ని వందల కీర్తనలును ఆయన పేరిట నేడు పాడబడుచున్నవి.

కమలాంబ ఆయనకన్న ముందుగనే గతించెను. అవసాన కాలమున స్వామి సన్న్యాసము స్వీకరించెను. 1847వ సంవత్సరము జనవరి 6వ తేదీ, పుష్య బహుళ పంచమినాడు, శిష్యుల నామసంకీర్తన నడుమ దేహము చాలించెను. కావేరి ఒడ్డున సమాధి చేసిరి. కుమార్తె వలన కలిగిన మనుమడు సంతానము లేకయే మరణించుటచే ఆయన వంశము అంతటితో నిలిచిపోయెను. శిష్యులు తమ తమ ఊళ్లకు చెదరిరి. సమాధి మొక్కలలో మఱుగుపడెను.

ఆ పిమ్మటి చరిత్రము రెండు దారుల నడచినది. ఒకటి సమాధి చరిత్రము. బెంగళూరు నాగరత్నమ్మ యను గాయని, సమాధి శిథిలావస్థ నెఱిగి, తాను జీవితమంతయు ఆర్జించిన ధనమును వెచ్చించి మందిరము కట్టించి, 1925లో ప్రతిష్ఠ జరిపించెను. తాను కట్టించిన గుడి ముందరనే ఆరాధన సభలో స్త్రీలు పాడరాదను నియమమును ఆమె ఎదుర్కొనవలసి వచ్చెను. స్త్రీలతో వేఱుగ ఆరాధన నడపి, 1940వ దశకపు ప్రారంభమున అందఱును కలిసి పాడు దినమును చూచెను. 1952లో గతించిన ఆమె సమాధియు స్వామి సన్నిధినే కలదు. 1946లో చిత్తూరు నాగయ్య తీసిన త్యాగయ్య చిత్రము స్వామి కథను మన పల్లెల డేరా సినిమాల వఱకు తెచ్చినది.

రెండవది ఆకుల చరిత్రము. గ్రంథాలయ పాఠకులు ముఖ్యముగ తెలియవలసినది యిదియే. స్వామి తన పాటలను అచ్చువేయింపలేదు, రాజ భాండాగారమున చేర్పలేదు. శిష్యులు విని, పాడి, తాటియాకులపై వ్రాసికొనినవే మిగిలినవి. వాలాజపేట వేంకటరమణ భాగవతారును, ఆయన కుమారుడు కృష్ణస్వామి భాగవతారును గురువు రచనలను, జీవితమును శ్రద్ధతో వ్రాసియుంచిరి. ఆ వ్రాతప్రతులు తరువాత మధురలోని సౌరాష్ట్ర సభకు చేరి భద్రమయ్యెను. ఇట్టి ప్రతుల మూలముననే ప్రహ్లాదభక్తివిజయమును నౌకాచరిత్రమును నేడు మనకు దక్కినవి. ఇరువదవ శతాబ్దమున పి. సాంబమూర్తి వంటి పండితులు వానిని పరిశోధించి లోకమున వ్యాప్తికి తెచ్చిరి.

స్వామి మూడవ గేయనాటకము సీతారామవిజయము. అది నేడు లభించుట లేదు. అందలివని కొన్ని కీర్తనలను చెప్పుదురు గాని నాటకము మాత్రము పోయినది. ఒకే యింట, ఒకే కంఠమున పుట్టిన మూడింటిలో రెండు బ్రతికెను, ఒకటి నశించెను. బ్రతికినవాని గొప్పతనము, నశించినదాని లోపము ఇందుకు కారణము కాదు. వ్రాసి దాచిన చేతులే కారణము.

తిరుమంజన వీధిలోని ఆ పాత యిల్లును నేడు లేదు. ఇరువది యొకటవ శతాబ్దమున దానిని తొలగించి, ఆ తావుననే స్మారక మందిరమును నిర్మించిరి. నాటి గోడలు పోయెను, వాకిలి పోయెను. నౌక మాత్రము మునుగలేదు. ప్రతి సంవత్సరము పుష్య బహుళ పంచమినాడు వందలాది కంఠములు కావేరి ఒడ్డున పంచరత్నములను ఏకముగ పాడుచున్నవి.

ముదిగుబ్బ వంటి మెట్టగ్రామమున గ్రంథాలయము ఇరువదియైదేండ్లు నిలుచుట ఆ శిష్యుల పనికి దూరమైనది కాదు. చెరువు నిండని యేటను అలమరలోని పుస్తకము ఎండదు. ఏ యింటి అటకపై ఏ తాటియాకు కట్ట యున్నదో, ఏ ముదుసలి నోట ఏ భాగవతపు పాట మిగిలియున్నదో వెదకి, వ్రాసి, చేర్చి ఉంచుట గ్రంథాలయమునకు తగిన పని. సీతారామవిజయమునకు పట్టిన గతి మఱియొక దానికి పట్టకుండ కాపాడుటయే త్యాగరాజస్వామికి మన పల్లె చేయదగిన ఆరాధన.